బ్యాంకు శాఖకు ఆకాశ వారధి

రుణం వాయిదా చెల్లించడానికో, ఏటీఎంలో నగదు తీసుకొనడానికో వెళ్ళినప్పుడు "లింకు లేదు, కొంచెంసేపు ఆగండి" అన్న మాట మీరు వినే ఉంటారు. ఆ లింకు ఏమిటి? అది తెగినప్పుడు మీ సొమ్ము ఏమవుతుంది? ఈ రెండు సంగతులూ తెలిసి ఉంటే అనవసరమైన ఆందోళన తప్పుతుంది. రావలసిన సొమ్మును అడిగి పొందే వీలూ కలుగుతుంది.

ఖాతా ఒకచోట, నగదు మరొకచోట

మీ ఖాతా వివరాలు నేడు శాఖలోని లెడ్జర్లలో కాక, దూర నగరంలోని బ్యాంకు ప్రధాన కంప్యూటరులో ఉంటాయి. ప్రతి లావాదేవీకీ అక్కడి నుండి అనుమతి రావాలి. పట్టణాలలో ఈ సమాచారం ఎక్కువగా కేబుళ్ళ ద్వారా నడుస్తుంది. కేబులు చేరని గ్రామాలలోను, ఏజెన్సీ ప్రాంతాలలోను ఆ పనిని శాఖ కప్పుపై అమర్చిన గిన్నె వంటి యాంటెనా చేస్తుంది. దీనినే వీశాట్ అంటారు. ఇది ఆకాశంలోని ఉపగ్రహం ద్వారా ప్రధాన కంప్యూటరును చేరుతుంది.

ఇటువంటి సేవలకు ఉద్దేశించిన ఉపగ్రహాలలో జీశాట్-30 ఒకటి. 3,357 కిలోల బరువు గల దీనిని భారత అంతరిక్ష పరిశోధన సంస్థ నిర్మించినది. 2020 జనవరి 17న ఫ్రెంచి గయానాలోని కూరూ నుండి ఏరియన్-5 రాకెట్టు దీనిని మోసుకొని వెళ్ళినది. 2005లో ప్రయోగించిన ఇన్సాట్-4ఏ స్థానంలో ఇది వచ్చినది. ఏటీఎంలు, స్టాక్ ఎక్స్ఛేంజీలు, డీటీహెచ్ టెలివిజన్ ప్రసారాలు, ఈ-పరిపాలన దీని సేవలలో ముఖ్యమైనవి.

తిరుగుతూనే నిలిచి ఉన్నట్లు

జీశాట్-30 భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్నది. ఆ ఎత్తున ఉపగ్రహం ఒక చుట్టు తిరిగే కాలమూ, భూమి తన చుట్టూ తాను తిరిగే కాలమూ ఒకటే. రెండూ ఒకే దిశలో తిరగడం వలన ఉపగ్రహం మనకు ఒకేచోట నిలిచినట్లు ఉంటుంది. కనుకనే యాంటెనాను ఒకసారి సరిచూసి బిగిస్తే చాలు. దీని స్థానం తూర్పు రేఖాంశం 83 డిగ్రీలు. విశాఖపట్నం దాదాపు అదే రేఖాంశంపై ఉన్నది. కాబట్టి దీనితో పనిచేసే యాంటెనా అక్కడ ఇంచుమించు నేరుగా దక్షిణ దిశకు తిరిగి ఉండాలి.

శాఖ నుండి వెళ్ళిన సంకేతం అంత దూరం చేరేసరికి బాగా బలహీనపడుతుంది. ఉపగ్రహంలోని ట్రాన్స్‌పాండరు దానిని అందుకొని, బలపరచి, తిరిగి కిందికి పంపుతుంది. పైకి వెళ్ళి దిగడానికి పట్టేది సుమారు పావు సెకను. అడిగిన దానికి జవాబు రావడానికి అర సెకను.

లింకు ఎందుకు తెగుతుంది?

మొదటి కారణం వాన. జీశాట్-30లో సీ-బ్యాండు, కేయూ-బ్యాండు ట్రాన్స్‌పాండర్లు పన్నెండేసి ఉన్నాయి. కేయూ-బ్యాండుకు చిన్న యాంటెనా చాలును గాని, ఆ తరంగాలను భారీ వర్షం ఎక్కువగా అడ్డగిస్తుంది. వాన తగ్గగానే లింకు తిరిగి వస్తుంది. మార్చి, అక్టోబరు నెలల పరిసరాలలో కొద్ది రోజులపాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వచ్చినప్పుడు కూడా కొన్ని నిమిషాలు ఆటంకం కలుగుతుంది. ఈదురుగాలికి యాంటెనా పక్కకు జరిగినా, ఎదుట చెట్టు పెరిగినా, కరెంటు పోయినా లింకు ఉండదు.

మీరు చేయవలసినది

అనుమతి వచ్చిన తరువాత, పని పూర్తికాకముందే లింకు తెగితే, నగదు రాకుండానే ఖాతాలో సొమ్ము తగ్గవచ్చును. ఆ సొమ్ము పోయినట్లు కాదు. రిజర్వు బ్యాంకు 2019లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, అటువంటి సొమ్మును లావాదేవీ తేదీ నుండి 5 రోజులలోగా బ్యాంకు తనంత తానే తిరిగి జమచేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం చెల్లించాలి. డీలర్లు గమనించవలసినది: మీ దుకాణంలో కార్డు గీసినప్పుడు కొనుగోలుదారు ఖాతాలో సొమ్ము తగ్గి, మీ యంత్రంలో చీటీ రాకపోయినా ఇదే నియమం వర్తిస్తుంది.

ఏటీఎం చీటీని, ఫోనుకు వచ్చిన సందేశాన్ని భద్రపరచండి. తేదీ, సమయం, మొత్తం రాసి శాఖలో ఫిర్యాదు ఇచ్చి, దాని సంఖ్య తీసుకొనండి. 30 రోజులలో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. లింకు లేనప్పుడు కౌంటరులో రశీదు లేకుండా నగదు ఇవ్వకండి. వాయిదాను గడువు చివరి రోజు వరకు ఆపకండి. ఆ రోజు వాన కురవదని ఎవరూ హామీ ఇవ్వలేరు.