పేరు చెరిపినా గుర్తు చెరగదు: అండమాన్ తెగల సమాచారంపై సమ్మతి ప్రశ్న

ఒక అధ్యయనం కోసం సేకరించిన సమాచారాన్ని జాతీయ సమాచార నిధికి అప్పగించేందుకు మొదట ఇచ్చిన అంగీకారమే చాలునా, లేక విడిగా సమ్మతి పొందాలా? లక్షల జనాభా గల సమాజాలకు ఇది గోప్యతా నిబంధనలకు చెందిన ప్రశ్న. అండమాన్ నికోబార్ దీవుల ఆదిమ తెగలకు మాత్రం ఇది యావత్తు తెగ భవితకు సంబంధించిన అంశం.

2011 జనాభా లెక్కల ప్రకారం గ్రేట్ అండమానీలు 44 మంది, ఓంగీలు 101 మంది, షోంపెన్‌లు 229 మంది, జరావాలు 380 మంది ఉన్నారు. బయటివారిని దరిచేరనివ్వని సెంటినలీలను దూరం నుంచే లెక్కించి 15 మందిగా నమోదు చేశారు.

పేరు, చిరునామా తొలగిస్తే వ్యక్తి గుర్తింపు మరుగున పడుతుందన్నది గణాంక శాస్త్రంలో సాధారణ సూత్రం. 2011లో దీవుల జనాభా 3,80,581 కాగా, వారిలో పదిమందికి ఒకరికి పైగా తెలుగువారే. అటువంటి ఒక తెలుగు కుటుంబీకుని రక్త పరీక్ష ఫలితం నుంచి పేరు తీసివేస్తే అది వేల ఫలితాలలో కలిసిపోతుంది. కానీ స్ట్రెయిట్ ఐలండ్‌లో స్థిరపడిన గ్రేట్ అండమానీల విషయంలో తెగ పేరు, వయసు, స్త్రీయా పురుషుడా అన్న వివరాలుంటే చాలు, ఆ వ్యక్తి ఎవరో తెలిసిపోతుంది. పైగా జన్యు సమాచారం ఇచ్చినవారితోపాటు, ఇవ్వని బంధువుల గుట్టును సైతం బయటపెడుతుంది.

హైదరాబాద్‌తో అనుబంధం

ఈ తెగల జన్యువులపై ప్రసిద్ధ పరిశోధన జరిగింది హైదరాబాద్‌లోనే. సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, కె. తంగరాజ్ తదితరులు 2005లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన వ్యాసం, ఓంగీలు, గ్రేట్ అండమానీలు ఆఫ్రికా నుంచి తొలినాళ్లలో వలస వచ్చిన మానవుల వారసులని తేల్చింది. ఈ దీవుల తెగలకు కోవిడ్ ముప్పు అధికంగా ఉండవచ్చని 2021లో జన్యు అధ్యయనం హెచ్చరించింది. సమాచారం పంచుకోవడం వల్ల తెగలకూ మేలు కలగవచ్చునని దీనివల్ల స్పష్టమవుతోంది.

అయితే చేదు అనుభవాలూ లేకపోలేదు. అమెరికాలోని హవసుపాయి తెగవారు 1990 నుంచి మధుమేహ పరిశోధన కోసమని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకు రక్తమిచ్చారు. ఆ నమూనాలను మానసిక వ్యాధులు, పూర్వీకుల వలసల అధ్యయనాలకు సైతం వాడారని తెలిసి న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 2010లో కుదిరిన రాజీ మేరకు విశ్వవిద్యాలయం 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి నమూనాలను తిరిగి అప్పగించింది.

చట్టాలు ఏమంటున్నాయి

జనాభా లెక్కలలో సేకరించిన వ్యక్తిగత వివరాలకు 1948 నాటి సెన్సస్ చట్టం గోప్యత కల్పించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం మాత్రం, నిర్దేశిత ప్రమాణాలను పాటిస్తూ, ఏ ఒక్క వ్యక్తిపైనా ప్రత్యేకంగా నిర్ణయం తీసుకోనంతవరకు పరిశోధనకు, గణాంకాలకు మినహాయింపు ఇచ్చింది. వ్యక్తిని కాక మొత్తం తెగను ప్రభావితం చేసే నిర్ణయాల మాటేమిటన్నది ఇక్కడ తలెత్తే ప్రశ్న.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు మరింత కఠినమైనవి. గిరిజనులపై పరిశోధన వారికి మేలు చేసేదిగా ఉండాలనీ, పెద్దల అనుమతి ఉన్నా వ్యక్తిగత సమ్మతి తప్పనిసరి అనీ అవి నిర్దేశించాయి. సమ్మతిని ఉపసంహరించుకునే హక్కునూ గుర్తించాయి. కాగా, గోప్యత కోసం పేరును పూర్తిగా చెరిపివేస్తే ఎవరి నమూనా ఏదో తెలియక ఆ హక్కు కాగితాలకే పరిమితమవుతుంది.

దేశవ్యాప్తంగా పదివేల మంది జన్యుపటాలు 2025 జనవరిలో ఫరీదాబాద్‌లోని భారత జీవ సమాచార కేంద్రం ద్వారా పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. ఇటువంటి నిధులు పెరుగుతున్నకొద్దీ సమ్మతి ప్రశ్నకు ప్రాధాన్యం హెచ్చుతుంది. 1956 నాటి ఆదిమ తెగల పరిరక్షణ నిబంధనల ప్రకారం రిజర్వు ప్రాంతంలో అనుమతి లేనిదే ఎవరూ అడుగు పెట్టరాదు. అక్కడి నుంచి ఒకసారి వెలుపలికి వచ్చిన సమాచారానికి మాత్రం అటువంటి కాపలా లేదు. అధ్యయనానికి ఒక సమ్మతి, సమాచార మార్పిడికి మరొక సమ్మతి, వాటికి తోడు తెగ ఆమోదం అన్న మూడంచెల పద్ధతి ఒక్కటే ఆ లోటును కొంతవరకైనా పూడ్చగలదు.