చీకట్లో రూపాయిని పోల్చడం ఎలా?

మీ పోపుల డబ్బా అడుగునో, పూజగూట్లోనో నాలుగు చిల్లర డబ్బులు ఉండే ఉంటాయి. వాటిని చాప మీద గుమ్మరించి కళ్లు మూసుకోండి. చేత్తో తడిమి రూపాయేదో, రెండు రూపాయల బిళ్లేదో చెప్పండి చూద్దాం. కష్టమే కదూ! మా పెద్దత్త మాత్రం ఠక్కున చెప్పేసేది.

ఆమెది నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె. తెల్లారకముందే పడవల దగ్గర చేపలు కొనుక్కుని, గంపకెత్తుకుని చుట్టుపక్కల ఊళ్లలో అమ్ముకొస్తుంది. కళ్లకు శుక్లాలు. చేతులకేమో పొలుసు, ఉప్పునీళ్లు. అయినా కొంగుముడి విప్పి, బొటనవేలితో బిళ్ల అంచు తడిమి చిల్లర ఇచ్చిందంటే లెక్క తప్పేది కాదు. అలాంటిది కొన్నాళ్ల క్రితం నేను వెళ్లినప్పుడు, "ఏందో పాపా, రోజూ నాలుగైదు రూపాయలు తేడా వస్తా ఉండాది. నాకు మతి పోతా ఉందా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ముసలితనం, ఇక గంప మానుకోమని కోడలు అంటోందట. పోయిన డబ్బు కన్నా ఆ మాటే ఆమెకు ఎక్కువ బాధ.

ఆ సాయంత్రం ఆమె చిల్లరంతా ముందేసుకుని కూర్చున్నాను. కుట్టు టేపుతో కొలుస్తుంటే అసలు సంగతి బయటపడింది. 1992 నుంచి 2004 దాకా వచ్చిన, కంకుల బొమ్మ ఉన్న స్టీలు రూపాయి అడ్డకొలత 25 మిల్లీమీటర్లు, బరువు 4.85 గ్రాములు. మరి 2011లో వచ్చిన రెండు రూపాయల బిళ్ల? అదీ స్టీలే, అదీ 25 మిల్లీమీటర్లే, అదీ 4.85 గ్రాములే! అదే ఏడు వచ్చిన రూపాయేమో దాదాపు 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. అంటే అచ్చం పాత స్టీలు అర్ధరూపాయంత. పెద్దత్త వేలు ఇన్నేళ్లుగా నేర్చుకున్న పాఠం ప్రకారం రూపాయి అనుకుని రెండు రూపాయలు ఇచ్చేస్తోంది. ఇందులో ఆమె మతి తప్పిందెక్కడ చెప్పండి?

మన చిన్నప్పుడు ఈ బాధ తక్కువ. అయిదు పైసలు నలుచదరం, పది పైసలకు పూరేకుల అంచు, ఇరవై పైసలకు ఆరు మూలలు. అల్యూమినియం కాబట్టి గాలికి ఎగిరిపోయేటట్టుండేవి, అది వేరే సంగతి. పావలా, అంతకన్నా చిన్నవి 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. రెండు రూపాయల బిళ్లకు కూడా ఒకప్పుడు పదకొండు మూలలుండేవి. తర్వాత గుండ్రంగా చేశారు.

ఎందుకిలా చిక్కిపోతున్నాయంటే, బిళ్లలోని లోహం ఖరీదు దాని విలువను మించితే కరిగించి అమ్ముకునే వాళ్లు పుట్టుకొస్తారు. అందుకే రాగి, నికెల్ కలిపిన రూపాయి పోయి 1992లో స్టీలుది వచ్చింది. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం పెట్టి చూడండి, స్టీలు బిళ్లలు అంటుకుంటాయి. పసుపుపచ్చ అయిదు రూపాయలు అంటుకోదు. గుడ్డివాళ్లు కూడా పోల్చుకునేట్టు 2019లో కొత్త వరస విడుదల చేశారు. అందులో రూపాయి 20, రెండు 23, అయిదు 25, పది 27 మిల్లీమీటర్లు. ఇరవై రూపాయలకు పన్నెండు మూలలు. బాగుంది. కానీ పాతవేవీ వెనక్కి తీసుకోలేదాయె! మన కొంగుముడిలో అన్ని తరాలూ కలిసే ఉన్నాయి.

అంటే మన టంకశాలలకు మంచి నాణెం చేయడం రాదనుకోకండి. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేసిన ఎన్.టి.ఆర్. వంద రూపాయల నాణెం హైదరాబాదులోనే తయారయింది. 44 మిల్లీమీటర్లు, అందులో సగం వెండి. మా మరిది వేలు పోసి కొని బీరువాలో దాచాడు. సేకరించేవాళ్ల కోసం చేసే 'ప్రూఫ్' రకానికి అచ్చునీ, బిళ్లనీ ముందే అద్దంలా మెరుగు పెట్టి, ఒకటికి రెండుసార్లు గట్టిగా అచ్చు వేసి, ఒక్కొక్కటీ విడిగా తీస్తారు. మనం వాడే చిల్లర నిమిషానికి వందల లెక్కన పడి, ఒకదానికొకటి రాసుకుంటూ సంచుల్లోకి పోతుంది. గీతలు పడకేం చేస్తుంది? (మీ ఇంట్లో ప్రూఫ్ నాణెం ఉంటే చింతపండు, సబీనా దగ్గరికి కూడా రానివ్వకండి. ఆ మెరుపు పోతే మళ్లీ రాదు. అంచులు పట్టుకునే తీయండి.) ఏడాది అంకె కింద చిన్న నక్షత్రం కనిపిస్తే అది హైదరాబాదు టంకశాలదని గుర్తు. 1903 నుంచి సైఫాబాదులో ఉండేది, 1997లో చర్లపల్లికి మారింది.

బీరువాలో ఉండేదానికి అంత ముస్తాబు, రోజుకు పదిమంది చేతులు మారేదానికి ఇంత పొదుపు. నాకెందుకో మనసొప్పలేదు.

పది రూపాయల బిళ్లదీ ఓ కథ. ఒక కొట్లో పెద్దత్త ఇస్తే "ఇది చెల్లదు" అని విసిరేశాడట. ఆమె దగ్గర అలాంటివి డబ్బానిండా మూలుగుతున్నాయి. పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. రూపాయి గుర్తు ఉన్నా లేకపోయినా ఒకటే. ఎవరైనా కాదంటే బ్యాంకులో ఇచ్చేయండి.

పెద్దత్తకు నేను చేసిన సాయం పెద్దదేం కాదు. కంకుల రూపాయిలన్నీ ఏరి నేను తెచ్చేసుకుని బదులు నోట్లిచ్చాను. రెండు అరల గుడ్డసంచి కుట్టాను, ఒకదాంట్లో రూపాయిలు, రెండోదాంట్లో మిగతావి. వచ్చిన చిల్లరను రాత్రి కోడలు మంచినీళ్లతో కడిగి, తుడిచి, పాత రూపాయి కనిపిస్తే తీసేస్తోంది. ఉప్పునీళ్లు తగిలితే స్టీలుకు కూడా మచ్చలు పడతాయి మరి. మొన్న ఫోను చేస్తే, "లెక్క సరిపోయింది పాపా! వంజరాలు పడ్డాయి, ఆదివారం రా" అంది.