కరెంటు పోయిన వేళ కంప్యూటరులోని లెక్కలు

ఇంటిపన్ను డిమాండు పట్టిక తయారగుచుండగా కరెంటు పోవుట గ్రామ పంచాయతీలకు క్రొత్త కాదు. కరెంటు తిరిగి వచ్చిన పిదప కంప్యూటరు ఒక్కొక్కప్పుడు నల్లని తెర చూపి, డిస్కును పరీక్షించుచున్నట్లు తెలిపి, చాలసేపు కదలకుండును. మరియొకప్పుడు పట్టిక పేరు యథాస్థానమున కనబడును గాని, తెరచి చూచిన లోపల ఏమియు నుండదు. వెంటనే కొందరు వైరసు అందురు. కొందరు కార్యదర్శిని అనుమానింతురు. ఈ రెండును కాని కారణ మొకటి కలదు. దానిని సభ్యు లెరిగియుండుట మంచిదని మేము తలంచుచున్నాము. ఏలయన అట్టి సమయమున తొందరపడి చేసిన పని నష్టమును పెంచవచ్చును.

డిస్కును చిన్న చిన్న అరలు గల రికార్డు గదిగా భావింపవచ్చును. సాధారణముగా ఒక్కొక్క అరలో 4,096 బైట్లు పట్టును. ఒక పట్టిక పెక్కు అరలలో పరచుకొని యుండును. అందుచేత యంత్రము విడివిడిగా లెక్కలుంచుకొనును: ఫైళ్ల పేర్ల జాబితా ఒకటి, ఏ ఫైలు ఏయే అరలలో నున్నదో తెలుపునది ఒకటి, ఖాళీ అరల లెక్క ఒకటి. పట్టికలో నూరు ఇండ్లు చేర్చినచో వీనిలో ఒకటికంటె ఎక్కువ మారవలసియుండును. అవి ఒకే క్షణమున మారవు. ఒకదాని వెనుక ఒకటి మారును. అదియుగాక, వేగము కొరకు యంత్రము వ్రాతను మొదట తాత్కాలిక జ్ఞాపకమున నుంచి, కొన్ని సెకండ్లకు, ఒక్కొక్కప్పుడు అర నిమిషమునకు, డిస్కుపై నెక్కించును. 'సేవ్' నొక్కగానే పని ముగిసినదని మన మనుకొందుము. యంత్రమున కింకను ముగిసియుండదు.

భూమి కొన్నవాని ఖాతాలో చేర్చి, అమ్మినవాని ఖాతాలో కొట్టివేయకముందే కరణము లేచిపోయెననుకొందము. ఒకే భూమికి ఇద్దరు యజమాను లగుదురు. ముందు కొట్టివేసి, చేర్చుట మిగిలిపోయినచో యజమానియే లేకపోవును. డిస్కులోను ఇట్లే జరుగును. ఒకే అర రెండు ఫైళ్లకు చెందినట్లు కనబడినచో అది మిక్కిలి ప్రమాదము. ఒకదానిలో వ్రాసినది రెండవదానిని చెరపును.

ఈ చిక్కును సవరించుటకు 1970 దశకము చివర అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో టెడ్ కొవాల్స్కీ, యూనిక్స్ యంత్రములకు 'ఎఫ్‌.ఎస్‌.సి.కె.' అను తనిఖీ ప్రోగ్రామును వ్రాసెను. విండోసులో నల్లని తెరపై కనబడు 'చెక్ డిస్క్' చేయు పనియు నదియే. అది లెక్కలన్నిటిని పోల్చిచూచును. డిస్కులు పెద్దవైనకొలది ఈ తనిఖీకి గంటలు పట్టసాగెను. అందుచేత మన షావుకార్ల చిట్టా పద్ధతి వంటిది వచ్చినది. చేయబోవు మార్పును ముందు చిట్టాలో వ్రాసి, పిదప ఆవర్జాల కెక్కింతురు. నడుమ కరెంటు పోయినచో చిట్టాను చదివి, పూర్తిగా వ్రాసిన పద్దులను అమలుపరచి, సగము పద్దులను వదలివేయుదురు. 1993లో విండోస్ ఎన్‌.టి. తోడను, 2001లో లినక్స్ తోడను ఈ పద్ధతి విరివిగా వ్యాపించెను.

అయితే ఈ చిట్టా సాధారణముగా పేర్ల యొక్కయు అరల యొక్కయు లెక్కలకే గాని, మనము వ్రాసిన విషయమునకు కాదు. 2009లో లినక్స్ వారి క్రొత్త 'ఎక్స్‌ట్4' పద్ధతిలో, యంత్రము హఠాత్తుగా ఆగిన పిదప కొన్ని ఫైళ్లు శూన్యముగా మిగులుచున్నవని ఫిర్యాదులు వచ్చెను. లెక్క సరిపోయినది, సరుకు లేదు! పెన్ డ్రైవులలో తరచుగా వాడు పద్ధతులకు ఈ చిట్టాయు లేదు. కావున దానిని 'ఎజెక్ట్' చేయక లాగివేయుట కరెంటు పోవుట వంటిదే.

తనిఖీ ప్రోగ్రాము డిస్కు లెక్కలను పొసగించును గాని మన పట్టికను రక్షింతునని మాట ఇయ్యదు; పొసగని భాగమును కోసివేయవచ్చును. వేరు ప్రతి లేని రికార్డు ఆ డిస్కులో నున్నచో, మరమ్మతుకు ముందు మొత్తము డిస్కునకు నకలు తీయుమని మెకానికును కోరవలయును. నకలు తీయకుండ ఫార్మాటు చేయుటకు సమ్మతింపరాదు. యు.పి.ఎస్. కొనుటకు సమావేశమున తీర్మానము చేయవచ్చును. కాని అది ఇచ్చు కొలది నిమిషములు పని సాగించుటకు కావు, యంత్రమును క్రమముగా ఆపుటకు మాత్రమే. వారమున కొకసారి తీసిన ప్రతిని వేరొక భవనమున నుంచవలయును. యజమాని తేలని ముక్కలను తనిఖీ ప్రోగ్రాము విండోసులో 'ఫౌండ్.000' అను పేరుగల సంచికలో వేసి దాచును. పట్టిక పోయినదని నిర్ణయించుటకు ముందు, మరుగుపడియున్న ఆ సంచికను ఒకసారి తెరచి చూడవలసినది.