వర్క్‌స్టేషన్ గ్రాఫిక్స్ కార్డు

వర్క్‌స్టేషన్ గ్రాఫిక్స్ కార్డు అనగా ఇంజనీరింగు నమూనాలు, భూ పటాలు, వైద్య చిత్రాలు, చలనచిత్ర దృశ్యాలు వంటి వృత్తి పనుల కొరకు ప్రత్యేకంగా తయారుచేసి అమ్మే గ్రాఫిక్స్ కార్డు. ఆటల కొరకు అమ్మే సాధారణ కార్డుకు, దీనికి ఆకారంలో పెద్ద తేడా కనిపించదు. చాలా సందర్భాలలో రెండింటిలో ఉండే చిప్పు కూడా ఒకటే. అయినను ధర మాత్రం పలు రెట్లు అధికం. ఆ అధిక ధర వేగానికి చెల్లించేది కాదన్నది కొనుగోలుదారు మొదట గ్రహించవలసిన విషయం. అది ప్రధానంగా డ్రైవరుకు, మెమరీకి, సాఫ్ట్‌వేరు సంస్థలు ఇచ్చే ధ్రువీకరణకు చెల్లించే ధర. ఈ మూడింటితో అవసరం లేని పనికి ఈ కార్డు కొన్నవారి సొమ్ము వ్యర్థమే. అవసరమున్న పనికి చవక కార్డు కొన్నవారికి కలిగే నష్టం కొన్ని సార్లు అంతకన్నా ఎక్కువ.

చరిత్ర

1980లలో త్రిమితీయ చిత్రాలను కదిలించి చూపగల యంత్రాలు చాలా ఖరీదైనవి. వాటిలో ప్రసిద్ధమైనవి అమెరికాలోని సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థవి. ఆ సంస్థ 1992లో విడుదల చేసిన ఓపెన్‌జీఎల్ అనే ప్రమాణం వలన ఒకే ప్రోగ్రామును వివిధ యంత్రాలపై నడపడం సాధ్యమైంది. తరువాత మామూలు పీసీలో అమర్చుకొనగల కార్డులను త్రీడీల్యాబ్స్ వంటి సంస్థలు తయారుచేశాయి. 1999లో ఎన్విడియా సంస్థ జిఫోర్స్ 256 చిప్పును తెచ్చి, అదే చిప్పుతో వృత్తి పనుల కొరకు క్వాడ్రో శ్రేణిని ప్రారంభించింది. ఆటల మార్కెట్టు కొరకు లక్షల సంఖ్యలో తయారయ్యే చిప్పునే వృత్తి కార్డులో వాడే పద్ధతికి ఎదురు నిలువలేక పాత సంస్థలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. సిలికాన్ గ్రాఫిక్స్ 2009లో దివాలా తీసి అమ్ముడుపోయింది.

ఏటీఐ సంస్థ 2001లో ఫైర్‌జీఎల్ శ్రేణిని కొనుగోలు చేసింది. 2006లో ఏటీఐని ఏఎమ్‌డీ కొనడంతో ఆ శ్రేణి 2008లో ఫైర్‌ప్రోగా, 2016లో రేడియాన్ ప్రోగా పేరు మార్చుకుంది. ఎన్విడియా కూడా 2020 నుండి కొత్త కార్డులకు క్వాడ్రో పేరును విడిచి ఆర్‌టీఎక్స్ పేరుతోనే అమ్ముతున్నది. 2022లో ఇంటెల్ సంస్థ ఆర్క్ ప్రో పేరుతో ఈ రంగంలో ప్రవేశించింది. పేర్లు ఇలా తరచు మారడం వలన ఆటల కార్డేదో, వృత్తి కార్డేదో పెట్టె మీది పేరును బట్టి పోల్చుకోవడం కష్టమవుతున్నది. ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 4000 అంటే ఒక వృత్తి కార్డు, ఆర్‌టీఎక్స్ 4090 అంటే ఒక ఆటల కార్డు.

ఆటల కార్డుతో పోలిక

2020లో వచ్చిన రెండు కార్డులను చూస్తే తేడా స్పష్టమవుతుంది. ఆర్‌టీఎక్స్ 3090 ఆటల కార్డు. ఆర్‌టీఎక్స్ ఏ6000 వృత్తి కార్డు. రెండింటిలోను జీఏ102 అనే చిప్పే ఉంది. మొదటిదానిలో 24 గిగాబైట్ల మెమరీ, రెండవదానిలో 48 గిగాబైట్లు. మొదటిది 350 వాట్ల విద్యుత్తు తీసుకుంటుంది, రెండవది 300 వాట్లు. ఆటలలో ఏ6000 ధరకు తగిన ఆధిక్యం ఏమీ చూపదు.

అసలు తేడా డ్రైవరులో ఉంది. డ్రైవరు అనగా ప్రోగ్రాము ఇచ్చే ఆజ్ఞను కార్డుకు అర్థమయ్యే భాషలో చెప్పే దుబాసీ వంటి సాఫ్ట్‌వేరు. ఆటలో ఒక దృశ్యం సెకనుకు అరవై సార్లు మారుతుంది. ఒక గీత ఒక క్షణం కనిపించకపోయినా ఎవరూ గమనించరు. యంత్ర భాగపు నమూనాలో అదే గీత కనిపించకపోతే కొలత తప్పుతుంది. లక్షల గీతలతో కూడిన తీగ చట్రాన్ని నున్నగా, తెగిపోకుండా చూపడం, అనేక కిటికీలలో ఒకే నమూనాను వేర్వేరు కోణాల నుండి చూపడం వంటి పనులకు వృత్తి డ్రైవరును ప్రత్యేకంగా మలుస్తారు. ఆటల డ్రైవరులో వీటికి ప్రాధాన్యం ఉండదు. తొలి రోజులలో కొందరు ఔత్సాహికులు జిఫోర్స్ కార్డును డ్రైవరు క్వాడ్రోగా పొరబడేటట్లు మార్చి వాడుకునేవారు. తేడా చాలా వరకు చిప్పులో లేదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ధ్రువీకరణ అంటే ఫలానా సాఫ్ట్‌వేరు ఫలానా సంచికతో, ఫలానా కార్డు, ఫలానా డ్రైవరు పరీక్షకు నిలిచాయని ఆ సాఫ్ట్‌వేరు సంస్థ ప్రకటించడం. ఆటోడెస్క్, దసో, సీమెన్స్ వంటి సంస్థలు ఇటువంటి జాబితాలను వెలువరిస్తాయి. జాబితాలో లేని కార్డు పని చేయదని దీని అర్థం కాదు. సమస్య వచ్చినప్పుడు ఆ సంస్థ సహాయం నిరాకరించవచ్చునని మాత్రమే అర్థం. చందా కట్టి సాఫ్ట్‌వేరు వాడే కార్యాలయానికి ఇది పెద్ద విషయం. ఇంటి దగ్గర నేర్చుకునే విద్యార్థికి కాదు.

మెమరీలో దొర్లే తప్పులను తనంతట తానే సరిదిద్దే ఈసీసీ ఏర్పాటు మరొక తేడా. ఒక బిట్టు తారుమారైతే బొమ్మలో ఒక చుక్క రంగు మారుతుంది, అంతే. కాని వంతెన మీద భారం ఎలా పడునో గంటల తరబడి లెక్క కట్టే ప్రోగ్రాములో అదే తప్పు జవాబును మార్చవచ్చు. ఆటల కార్డులలో చాలావాటికి ఈ సదుపాయం లేదు. చిన్న వృత్తి కార్డులు కొన్నింటికి కూడా లేదు గనుక వివరాల పట్టికలో చూచుకోవాలి.

వృత్తి కార్డు అనగానే అధిక దశాంశ ఖచ్చితత్వంతో లెక్కలు చేస్తుందనే అపోహ ఒకటి ప్రచారంలో ఉంది. 2018 నాటి క్వాడ్రో జీవీ100 వంటి కొద్దిపాటి కార్డుల విషయంలో అది నిజమే. ఏ6000లో మాత్రం 64 బిట్ల లెక్కల వేగం 32 బిట్ల వేగంలో 64వ వంతు, అనగా ఆటల కార్డులో ఉన్న నిష్పత్తే. అలాగే వర్ణ ఛాయలను 10 బిట్లలో చూపే సౌకర్యం ఓపెన్‌జీఎల్ ప్రోగ్రాములలో చాలాకాలం క్వాడ్రోకే పరిమితమై ఉండేది. 2019 నుండి ఎన్విడియా దానిని జిఫోర్స్ కార్డులకు కూడా ఇచ్చింది. పాత పుస్తకాలలో కనిపించే ఈ కారణం ఇప్పుడు చెల్లదు.

పనిని బట్టి ఎంపిక

ఇంటి ప్లానులు, స్థలాల హద్దులు ఆటోక్యాడ్‌లో గీసేవారికి ప్రాసెసరు వేగమే ముఖ్యం. రెండు మితుల గీతలకు ఏ సాధారణ కార్డయినా సరిపోతుంది. క్యూజీఐఎస్‌లో పటాలు తయారుచేసేవారికి కూడా ఇంతే. అక్కడ పని ఆలస్యమయ్యేది ఎక్కువగా డిస్కు వద్ద, ప్రాసెసరు వద్ద. బ్లెండర్ వంటి ప్రోగ్రాములో బొమ్మలకు వెలుగు నీడలు గణించడానికి ఆటల కార్డు చక్కగా పనికివస్తుంది. సాలిడ్‌వర్క్స్, కాటియా, ఎన్‌ఎక్స్ వంటి వాటిలో వందల భాగాలు గల యంత్రాన్ని కూర్చేవారి సంగతి వేరు. సాలిడ్‌వర్క్స్‌లో రియల్‌వ్యూ అనే వాస్తవిక దర్శనం ధ్రువీకరించిన కార్డుల కొరకే ఉద్దేశించబడింది. ఇంజనీరింగు విద్యార్థి చదువు కాలంలో చేసే నమూనాలలో ఇరవై ముప్పై భాగాలకు మించి ఉండవు గనుక, అతనికి చిన్న కార్డు చాలు.

చలనచిత్రాల విషయంలో సామాన్యులకు ఒక భ్రమ ఉంది. 2012లో విడుదలైన ఈగ చిత్రానికి మకుట సంస్థ రూపొందించిన దృశ్యాలకు జాతీయ పురస్కారం లభించింది. ఇటువంటి చిత్రాలలో తుది దృశ్యాలను గణించే పని సాధారణంగా అనేక కంప్యూటర్లకు పంచుతారు. కళాకారుని బల్ల మీది కార్డు అతడు నమూనాను త్రిప్పి చూస్తూ దిద్దుకొనడానికి ఉపకరిస్తుంది. కార్డు కొన్నంత మాత్రాన ఈగ తయారు కాదు.

జంట చిత్రాల దర్శనం

వృత్తి కార్డు నిజంగా అవసరమయ్యే పనికి తెలుగు నేల మీద చక్కని ఉదాహరణ కార్టోశాట్-1 చిత్రాల వినియోగం. 2005 మే 5న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఈ ఉపగ్రహంలో రెండు కెమెరాలు ఉండేవి. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, మరొకటి 5 డిగ్రీలు వెనుకకు వంగి ఉండి, ఒకే నేలను సుమారు 52 సెకండ్ల తేడాతో 2.5 మీటర్ల స్పష్టతతో చిత్రించేవి. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన సంస్థ (2008 నుండి జాతీయ దూర సంవేదన కేంద్రం) ఈ జంట చిత్రాల నుండి దేశపు ఎత్తుపల్లాల పటాన్ని రూపొందించింది.

జంటలో ఒక చిత్రాన్ని ఎడమ కంటికి, రెండవదానిని కుడి కంటికి చూపితే నేల ఎత్తుపల్లాలు కళ్ళకు కట్టినట్లు కనిపిస్తాయి. ఇందుకు కార్డు ఒక్కొక్క కంటికి రెండేసి చొప్పున నాలుగు చిత్రపు తెరలను మెమరీలో సిద్ధంగా ఉంచాలి. ఒక జత తెర మీద ఉండగా మరొక జత తయారవుతూ ఉంటుంది. తెర సెకనుకు 120 సార్లు మారుతుంటే, దానికి తాళం తప్పకుండా కళ్ళజోడు అద్దాలు ఒకదాని తరువాత ఒకటి మూసుకుంటాయి. ప్రోగ్రాము కిటికీలో ఓపెన్‌జీఎల్ ద్వారా ఇలా చూపే ఏర్పాటు ప్రధానంగా వృత్తి కార్డులకే లభిస్తుంది. వీటిలో కొన్నింటికి కళ్ళజోడుకు సంకేతం పంపే ప్రత్యేక రంధ్రం కూడా ఉంటుంది.

మెమరీ లెక్క

ఎంత మెమరీ కావాలో ఊహించనక్కరలేదు, కాగితం మీద లెక్క వేయవచ్చు. కార్టోశాట్-1 చిత్రం ఒకటి ఇంచుమించు 12,000 × 12,000 చుక్కలు, అనగా 14.4 కోట్లు. చుక్కకు 2 బైట్ల చొప్పున 288 మెగాబైట్లు. జంటకు 576 మెగాబైట్లు. 3840 × 2160 చుక్కల తెరకు, చుక్కకు 4 బైట్ల చొప్పున, 33 మెగాబైట్లు. నాలుగు తెరలకు 133 మెగాబైట్లు. మొత్తం కలిపినా ఒక గిగాబైటు దాటదు. ఇక్కడ కావలసింది పెద్ద మెమరీ కాదు, స్టీరియో ఏర్పాటు గల చిన్న వృత్తి కార్డు.

సినిమా బొమ్మల లెక్క మరొక విధంగా ఉంటుంది. 4096 × 4096 చుక్కల ఉపరితల చిత్రం ఒకటి 67 మెగాబైట్లు. దూరం నుండి చూపడానికి దానికి చేర్చే చిన్న ప్రతులతో కలిపి సుమారు 90 మెగాబైట్లు. ఇటువంటివి నూరు ఉంటే 9 గిగాబైట్లు. మెమరీ చాలకపోతే ప్రోగ్రాము పూర్తిగా ఆగిపోవచ్చు, లేదా ప్రధాన మెమరీ నుండి తెచ్చుకొనుచు నత్తనడక నడవవచ్చు. వేగం తక్కువైన కార్డుతో ఆలస్యంగానైనా పని పూర్తవుతుంది; మెమరీ చాలని కార్డుతో అసలు పూర్తి కాకపోవచ్చు. కావున రెండింటిలో ఒకటే ఎంచుకోవలసివస్తే మెమరీ వైపే మొగ్గడం మేలు.

నౌపడ ఉదాహరణ

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ ఉప్పు మడులకు పేరు పొందిన ఊరు. 1900లో పర్లాకిమిడికి చిన్న రైలు మార్గం ఇక్కడి నుండే మొదలైంది. ఈ మడులను, వాటి చుట్టునున్న తంపర నేలలను పటంగా గీయదలచిన వ్యక్తికి ఎటువంటి కార్డు కావాలి?

మడుల గట్లను, కాలువలను ఉపగ్రహ చిత్రం మీద గుర్తించి గీయడానికి ప్రత్యేక కార్డు అవసరం లేదు. వందల కొద్దీ డ్రోను ఫోటోలను కలిపి ఒకే పటంగా కూర్చాలంటే గణన శక్తి కావాలి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలో వాడినవి ఇటువంటి డ్రోను చిత్రాలే. మెటాషేప్ వంటి ప్రోగ్రాములు ఈ పనికి ఆటల కార్డునే బాగా వినియోగించుకుంటాయి. జంట చిత్రాలను కంటితో చూస్తూ ఎత్తులు గుర్తించాలనుకుంటేనే వృత్తి కార్డు ప్రసక్తి వస్తుంది. అప్పుడు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. సముద్రపు నీరు ఒక మడి నుండి మరొక మడికి పారడం సెంటీమీటర్ల వాలు మీద ఆధారపడుతుంది. ఉపగ్రహ జంట చిత్రాల ఎత్తులలో తప్పు మీటర్లలో ఉంటుంది. చిత్రంలో లేని వివరాన్ని ఎంత ఖరీదైన కార్డూ చూపలేదు. ఆ వాలును నేల మీద లెవెలింగు పరికరంతోనే కొలవాలి.

విద్యుత్తు, వేడి, ఉప్పు గాలి

మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ గాడి ద్వారా కార్డుకు 75 వాట్లు లభిస్తాయి. ఆర్‌టీఎక్స్ ఏ2000 వంటి 70 వాట్ల కార్డుకు వేరే తీగ అక్కరలేదు. ఏ4000కు 140 వాట్లు, ఏ5000కు 230 వాట్లు కావాలి. 2025లో ప్రకటించిన ఆర్‌టీఎక్స్ ప్రో 6000 బ్లాక్‌వెల్ 96 గిగాబైట్ల మెమరీ కలిగి 600 వాట్లు తీసుకుంటుంది. ఒక చిన్న గదిలో అది ఇస్త్రీపెట్టె వంటిదే. 300 వాట్ల కార్డు గల యంత్రానికి ఇళ్ళలో వాడే చిన్న యూపీఎస్ చాలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస పరిసరాలలో తీరం దాటినప్పుడు జిల్లాలో చాలా గ్రామాలకు రోజుల తరబడి విద్యుత్తు లేదు. విద్యుత్తు పోయిన క్షణంలో చేస్తున్న పనిని భద్రపరచి యంత్రాన్ని ఆపేంత వ్యవధి దొరికేటట్లు యూపీఎస్‌ను ఎంచుకొనవలెను.

సముద్ర తీరంలో ఉప్పు తేమ లోహపు అంచులను, టంకపు అతుకులను తినివేస్తుంది. కార్డు పంకా ఆ గాలినే లోనికి పీల్చుతుంది. మడుల వైపు తెరిచే కిటికీ పక్కన యంత్రాన్ని ఉంచకపోవడం, నెలకొకసారి పొడి గాలితో దుమ్ము తీయడం, మెత్తని గుడ్డ తప్ప నీటి తడి తగలనీయకపోవడం సులభమైన జాగ్రత్తలు. వృత్తి కార్డులలో చాలావాటికి వేడి గాలిని పెట్టె వెనుక నుండి నేరుగా బయటకు నెట్టే పంకా ఉంటుంది. చప్పుడు కొంచెం ఎక్కువైనా ఇరుకు పెట్టెలో ఇది మేలు.

కొనే ముందు

పాత కార్యాలయాల నుండి వచ్చే వాడిన వృత్తి కార్డులు చవకగా దొరుకుతాయి. వీటిలో మోసపోయే అవకాశం వేగం విషయంలో కన్నా డ్రైవరు విషయంలో ఎక్కువ. క్వాడ్రో కె2000, కె4000 వంటి కెప్లర్ తరం కార్డులకు 470 శ్రేణి డ్రైవరే చివరిది. కొత్త సాఫ్ట్‌వేరు అంతకన్నా కొత్త డ్రైవరును కోరితే ఆ కార్డు అలంకారప్రాయమే. వేగాన్ని పోల్చదలచినవారు ఆటల పరీక్షలను కాక, కాటియా, క్రియో, మాయా, సాలిడ్‌వర్క్స్ వంటి వాటికి వేరువేరు అంకెలు చూపే స్పెక్‌వ్యూపెర్ఫ్ పరీక్షను, అందులోను తాము వాడే సాఫ్ట్‌వేరు అంకెనే చూడాలి.

కార్డు పొడవు, ఎత్తు పెట్టెలో పడుతుందో లేదో కొలిచి చూచుకోవాలి. వృత్తి కార్డులలో చాలావాటికి డిస్‌ప్లేపోర్ట్ రంధ్రాలు మాత్రమే ఉంటాయి. ఏ2000కు ఉండేవి నాలుగూ చిన్న పరిమాణపు మినీ డిస్‌ప్లేపోర్ట్ రంధ్రాలు. ఇంట్లో ఉన్న మానిటరుకు హెచ్‌డీఎమ్ఐ మాత్రమే ఉంటే తగిన అడాప్టరును కార్డుతో పాటే తెచ్చుకోవాలి.