సమ్మెకా, డ్యూటీకా? స్వేచ్ఛ గురించి కతోలిక నీతిబోధ ఏం చెబుతుంది

1974 మే 8న దేశవ్యాప్తంగా రైల్వే సమ్మె మొదలైంది. సుమారు 17 లక్షల మంది పాల్గొన్నారని అంచనా. ఎనిమిది గంటల పని, బోనస్, మెరుగైన జీతాలు వారి ప్రధాన డిమాండ్లు. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ ఒకప్పుడు కతోలిక గురువు కావాలని బెంగళూరు సెమినరీలో చేరి, మధ్యలోనే బయటికి వచ్చిన వ్యక్తి. ప్రభుత్వం వేలమందిని అరెస్టు చేసింది, ఉద్యోగాల నుంచి తొలగించింది. చాలాచోట్ల కుటుంబాలను రైల్వే క్వార్టర్ల నుంచి ఖాళీ చేయించింది. దాదాపు 20 రోజులకు సమ్మె ముగిసింది.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే మీద పుట్టి పెరిగిన ఊరు. తరతరాలుగా తెలుగువాళ్లున్న ఊరు కూడా. ఇక్కడి ట్రాఫిక్ లాంటి క్వార్టర్ల పేటల్లో జీతమూ, తలమీది కప్పూ ఒకే యజమాని చేతిలో ఉంటాయి. ఆ మే నెలలో అలాంటి పేటలో ఒక కతోలిక కార్మికుడు ఉన్నాడనుకోండి. సమ్మెకు దిగితే పిల్లలు రోడ్డున పడతారు. డ్యూటీకి వెళ్తే తోటివాళ్లకు ద్రోహం చేసినట్టవుతుంది. అతనికి స్వేచ్ఛ ఉన్నట్టా, లేనట్టా?

స్వేచ్ఛ అంటే ఏమిటి?

ఇష్టమొచ్చినట్టు చేయగలగడమే స్వేచ్ఛ అని కతోలిక నీతిబోధ అనుకోదు. మంచిని గుర్తించి, దాన్ని తనంతట తాను ఎంచుకోగల శక్తి స్వేచ్ఛ. మంచిని ఎంచుకుంటున్నకొద్దీ ఆ శక్తి పెరుగుతుంది. సత్యంతో సంబంధం తెగితే స్వేచ్ఛ నిలవదన్నది 1993లో పోప్ రెండో జాన్ పాల్ రాసిన ‘వెరితాతిస్ స్ప్లెందోర్’ లేఖలోని ప్రధాన వాదన.

నిర్ణయించేది ఎవరు?

మనస్సాక్షి. మనిషి దేవునితో ఒంటరిగా ఉండే అంతరంగ స్థలంగా దాన్ని రెండో వాటికన్ మహాసభ 1965లో వర్ణించింది. నిశ్చయంగా తోచిన మనస్సాక్షి మాటను మనిషి పాటించాలి. అయితే మనస్సాక్షి పొరబడనూవచ్చు. అందుకే వాస్తవాలు తెలుసుకుని, పెద్దల మాట విని, తన స్వార్థాన్ని తానే అనుమానించి దానికి శిక్షణ ఇవ్వడం కూడా బాధ్యతే. ‘నా మనసుకు అలా అనిపించింది’ అన్న ఒక్క మాట సరిపోదు.

ఒక పనిని తూచేటప్పుడు మూడు విషయాలు చూడాలి: చేసిన పని, దాని వెనక ఉద్దేశం, అప్పటి పరిస్థితులు. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన చెడ్డ పని మంచిదైపోదు. కార్మికుల మేలు కోసమే అయినా పట్టాలు పీకి ప్రయాణికుల ప్రాణాలు తీయడం తప్పే.

సమ్మె పాపమా?

కాదు. కానీ ఈ మాట స్పష్టపడటానికి సమయం పట్టింది. 1891లో పోప్ 13వ లియో ‘రేరుం నొవారుం’ లేఖలో కార్మిక సంఘాలను సమర్థించినా, సమ్మెలను ఆందోళనతోనే చూశారు. వాటికి దారితీసే కారణాలను ముందే తొలగించాలని ప్రభుత్వాలకు సూచించారు. 1992 నాటి సత్యోపదేశ గ్రంథం ప్రకారం, న్యాయమైన ప్రయోజనానికి వేరే దారి లేనప్పుడు సమ్మె ధర్మబద్ధమే. హింస తోడైనా, పని పరిస్థితులతో సంబంధం లేని లక్ష్యాలు పెట్టుకున్నా కాదు.

భయపడినవాడి మాటేమిటి?

తెలియనితనం, భయం, బలవంతం మనిషి బాధ్యతను తగ్గిస్తాయని, ఒక్కోసారి పూర్తిగా తొలగిస్తాయని అదే గ్రంథం చెబుతుంది. కాబట్టి పిల్లల ముఖం చూసి డ్యూటీకి వెళ్లిన కార్మికుడిని, జేబు నింపుకోవడానికి వెళ్లినవాడితో సమానంగా తూచడం కుదరదు. అలాగని లెక్క అక్కడితో ముగియదు. ఎంచుకునే దారే లేకుండా అతన్ని భయపెట్టినవారు జవాబుదారీ కావాలి. సమ్మెలో పాల్గొన్నందుకు కార్మికులను శిక్షించకూడదని 1981లో ‘లబోరెం ఎక్సెర్చెన్స్’ లేఖలో రెండో జాన్ పాల్ రాశారు. అత్యవసర సేవలు ఆగకూడదనీ అందులోనే అన్నారు.

ఆ మాట 1974కు ఏడేళ్లు ఆలస్యంగా వచ్చింది. 1920లలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన తెలుగువాడు వి.వి.గిరి. 1974 సమ్మెను అణచివేసినప్పుడు రాష్ట్రపతి ఆయనే. డ్యూటీకి వెళ్లినవాడిని నిలదీసేముందు, అతనికి ఇంకో దారి మిగిల్చామా అని తమను తాము అడగాల్సినవాళ్లు క్వార్టర్ల పేటలో మాత్రమే లేరు.