మీకు తెలుసా? కోపంగా చూసినా బెదరని పిల్లలు

బస్టాండులో ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గరికి వెళ్లి, కళ్లలోకి చూస్తూ కబుర్లు మొదలుపెట్టే పిల్లలుంటారు. అందరిదీ చలాకీతనమే అనుకోలేం. కొందరిది విలియమ్స్ సిండ్రోమ్. రెండు ఏడో క్రోమోజోముల్లో ఒకదాని నుంచి 25కు పైగా జన్యువులున్న చిన్న ముక్క పుట్టుకతోనే లోపిస్తుంది. న్యూజిలాండ్‌లో పనిచేసిన డాక్టర్ జె.సి.పి. విలియమ్స్ 1961లో దీన్ని వివరించారు.

ఎదుటివాడి ముఖంలో కోపం కనబడగానే మన మెదడులో అమిగ్డలా అనే బాదంగింజంత భాగం ఉలిక్కిపడుతుంది. వీళ్లలో ఆ స్పందన బాగా తక్కువని 2005లో అచ్చయిన స్కాన్ల అధ్యయనం చూపింది. విచిత్రం ఏమిటంటే, మనుషుల్లేని భయానక దృశ్యాలు చూపిస్తే అదే అమిగ్డలా మామూలువాళ్లకన్నా ఎక్కువగా స్పందించింది!

అందుకే వీళ్లకు భయమే లేదనుకోకండి. కొత్తవాళ్లంటే జంకరు గానీ, ఉరుముకో మిక్సీ మోతకో చెవులు మూసుకుంటారు. ఆందోళన కూడా ఎక్కువే. పలకరింపు సులువు, స్నేహం నిలబెట్టుకోవడమే కష్టం.

రక్తనాళాలకు సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ జన్యువు కూడా ఆ ముక్కలోనే ఉంటుంది. అది లోపిస్తే గుండె నుంచి వచ్చే పెద్ద ధమని ఇరుకయ్యే ప్రమాదం ఉంది. అనుమానం వస్తే జన్యు పరీక్షతో ఆగకండి, గుండెకు ఎకో కూడా తీయించండి.