వాహన మార్గ ప్రణాళికలో డిజిటల్ పటాల రకాలు: కామారెడ్డి – ఎల్లారెడ్డి మార్గం ఆధారంగా పరిశీలన

వ్యాస సంగ్రహం: వాహన మార్గ నిర్ణయంలో వినియోగించే డిజిటల్ పటాలను నాలుగు రకాలుగా విభజించి, 2025 వరదల నేపథ్యంలో వాటి ప్రయోజనాలను, పరిమితులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: డిజిటల్ పటం, రాస్టర్, వెక్టర్, రహదారి జాలం, కామారెడ్డి, ఎల్లారెడ్డి.

1. ఉపోద్ఘాతం:
2016 అక్టోబరు 11న నిజామాబాద్ జిల్లా నుంచి కామారెడ్డి జిల్లా ఏర్పడింది. జిల్లా కేంద్రం 44వ జాతీయ రహదారిపై ఉంది. ఎల్లారెడ్డి నుంచి లింగంపేట మీదుగా అక్కడికి చేరవచ్చు. 2025 ఆగస్టు చివరి వారంలో కురిసిన భారీ వర్షాలకు జిల్లాలో జాతీయ రహదారి దెబ్బతిన్నది. రైలు మార్గం కోతకు గురైంది. ఇటువంటి వేళ ఏ పటం దారి చూపగలదన్నది కీలకమైన ప్రశ్న.

2. రాస్టర్ పటాలు:
ఇవి చిన్న చిన్న గడుల సముదాయాలు. ఉపగ్రహ చిత్రాలు, స్కాన్ చేసిన సర్వే ఆఫ్ ఇండియా పటాలు ఈ కోవకు చెందుతాయి. 2009లో ఇస్రో ప్రారంభించిన 'భువన్'లో ఉపగ్రహ చిత్రాలు లభిస్తాయి. చెరువులు, వాగులు, నేల స్వరూపం వీటిలో స్పష్టమవుతాయి. అయితే కంప్యూటరుకు రహదారి కూడా రంగు గడుల వరుస మాత్రమే. కాబట్టి వీటితో నేరుగా మార్గాన్ని గణించడం కష్టం.

3. వెక్టర్ పటాలు:
వీటిలో వంతెన బిందువుగా, రహదారి రేఖగా, చెరువు బహుభుజిగా నమోదవుతాయి. రహదారి పేరు, వెడల్పు వంటి వివరాలను జోడించవచ్చు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఇందుకు ఉదాహరణ. కానీ పటంపై రెండు రేఖలు ఖండించుకున్నంత మాత్రాన అక్కడ వాహనం మలుపు తిరగగలదని అర్థం కాదు; ఒక దారి మరొకదానిపై వంతెనగా సాగవచ్చు.

4. రహదారి జాల పటాలు:
ఈ లోపాన్ని జాల పటం సవరిస్తుంది. కూడళ్లు శీర్షాలుగా, వాటిని కలిపే దారులు అంచులుగా ఉంటాయి. ప్రతి అంచుకు దూరం, కాలం వంటి వ్యయాన్ని కేటాయిస్తారు. డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతి వంటి వాటితో కనిష్ఠ వ్యయ మార్గాన్ని కనుగొంటారు. అంబులెన్సుకు కాలం ప్రధానమైతే, బరువు లారీకి వంతెన సామర్థ్యం కూడా ముఖ్యమే.

5. ప్రత్యక్ష స్థితి పటాలు:
ఇవి ఫోన్ల కదలికల ఆధారంగా రద్దీని అంచనా వేస్తాయి. నగరాల్లో ఇది ఉపయుక్తం. వాహనాలు తక్కువగా తిరిగే పల్లె దారిలో మాత్రం, కదలిక లేకపోవడానికి కారణం దారి ఖాళీగా ఉండటమా, తెగిపోవడమా అన్నది ఆ సమాచారం ఒక్కటే తేల్చలేదు.

6. ముగింపు:
ఈ నాలుగు రకాలు పరస్పర పూరకాలు. వరద వేళ తెగిన దారిని క్షేత్రస్థాయిలో నిర్ధారించి, జాల పటంలో సంబంధిత అంచును వెంటనే మూసివేయాలి. లేనిపక్షంలో గణితపరంగా అతి దగ్గరి దారే ప్రయాణికుడిని వాగు ఒడ్డున నిలబెడుతుంది.